చెట్టు సరుకులతో నీటి శుద్ధి



ఇవాళ మిరప సంగతి గాని పత్తి సంగతి గాని చెప్పబోవడం లేదు. నీటి సంగతి మాట్లాడతాను. పైరుకు పెట్టే నీరు కాదు. ఇంట్లో బిందెలో వుండే నీరు, గొడ్లతొట్టిలో వుండే నీరు, వాడుకొని బయటకు వదిలే నీరు. వీటిలోని మలినాన్ని చెట్టు సరుకులతో, అనగా గింజలతోను, ఊకబొగ్గుతోను, మొక్కల వేళ్లతోను ఎంతవరకు తీయవచ్చునో, ఎక్కడ తీయలేమో మనవి చేస్తాను.

చాలా ఏళ్ల కిందట దర్శి దగ్గర ఒక పల్లెలో మునగగింజలతో నీరు తేర్చే పద్ధతి చూపించాను. చెరువు నీరు, ఎర్రగా బురదగా వున్నది, ఒక బిందెడు తెప్పించి పదిమంది ఎదుట గింజల పొడి కలిపి పెట్టాను. గంట గడిచేసరికి బురదంతా అడుగుకు దిగి పైన నీరు తేటపడింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. అప్పుడు అరుగుమీద కూర్చున్న ఒక పెద్దాయన నా వైపు తిరిగాడు. మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరిగాడు. ఆయన మెడ తిరగదు. “బాగానే వుంది సారూ. మా బోరు నీళ్లు మొదటినించీ ఇంతకంటే తేటగానే వుంటయ్యి. మరి నా నడుం ఎందుకు వంగటంల్యా?” అన్నాడు. ఆవేళ నా దగ్గర జవాబు లేదు. చూపించిన పని తప్పు కాదు, కాని ఆ వూరికి కావలసిన పని అది కాదని మాత్రం అర్థమయింది.

ఆ పెద్దాయనకు చెప్పవలసిన జవాబు దర్శి ప్రాంతంలోనే చాలాకాలం నాడు దొరికింది. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో వుండేవి. ఒంగోలు ముఖ్యపట్టణంగా కొత్త జిల్లా 1970లో ఏర్పడింది, దానికి ప్రకాశం పేరు 1972లో వచ్చింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు 1937లో నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బును గురించి వైద్యపత్రికలో రాశారు. మనదేశంలో ఫ్లోరోసిస్‌ను మనుషులలో గుర్తించి రాసిన తొలి రచనలలో అది ఒకటి. అంతకుముందే రైతులు దుక్కిటెడ్లలో దీన్ని చూశారని చెబుతారు. కీళ్లు బిగుసుకొని ఎద్దులు అడుగు వేయలేకపోయేవి. ఎద్దుకు వచ్చింది తరువాత మనిషికీ వున్నదని తెలిసింది. గొడ్డూ మనిషీ తాగేది ఒకే బావి నీరయితే వేరే విధంగా ఎట్లా వుంటుంది?

ఫ్లోరైడు మన నేలకింది రాళ్లలోనే వున్నది. నల్లరాయి, అభ్రకం కలిసిన రాతిపొరలలో నీరు ఏళ్ల తరబడి నిలవ వుండి దాన్ని కరిగించుకొంటుంది. వానలు తక్కువ, నీరు లోతు. పైగా నీటిలో సున్నపు పాలు తక్కువగా వుండి చవుడు గుణం ఎక్కువగా వుంటే ఫ్లోరైడు మరీ కరుగుతుంది. సున్నం వున్నచోట అది కొంత పట్టుబడి కిందనే వుండిపోతుంది. ఇక్కడ మన ఆడవాళ్లు నమ్మే ఒక పరీక్షను గురించి చెప్పాలి. “ఈ నీళ్లలో పప్పు ఇట్టే వుడుకుతుంది, సబ్బు బాగా నురగ వస్తుంది, మంచినీళ్లు” అంటారు. సున్నం తక్కువైన నీటికే ఆ గుణాలు వుంటాయి. ఆ నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా వుండే అవకాశమూ వున్నది. పప్పు వుడకడం పప్పు సంగతి చెబుతుంది గాని పళ్ల సంగతి, ఎముకల సంగతి చెప్పదు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నీటిలో వుండే పాళ్లలో రుచి కూడా తెలియదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకుండా వుండటం మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చునని మనదేశపు ప్రమాణం. దానికి మించిన నీరు పసితనంనుంచి తాగితే పళ్లమీద సున్నపు మచ్చలు, పసుపు గారలు పడతాయి. చాలా ఎక్కువగా, చాలా ఏళ్లు తాగితే వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుంటాయి. గారపళ్లను వేపపుల్లతో ఎంత తోమినా పోవు. అది పంటిమీది మురికి కాదు, పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడిన మచ్చ.

ఇక మునగగింజ దగ్గరకు వస్తాను. అది చేసే పని బాగా చేస్తుంది గనుక దాన్ని విడిచిపెట్టనక్కరలేదు.

చెరువు నీటిలో, కాలవ నీటిలో బురద ఎందుకు అడుగుకు దిగదంటే, మట్టి రేణువులు అతి సన్నవి, వాటన్నిటిమీద ఒకే జాతి విద్యుత్తు, ఋణావేశం, వుంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకొంటూ తేలుతూ వుంటాయి. మునగగింజలో వుండే మాంసకృత్తుకు దానికి ఎదురైన ధనావేశం వున్నది. అది రేణువులను దగ్గరకు చేర్చి ముద్దకట్టిస్తుంది. ముద్ద బరువెక్కి దిగుతుంది. బురదతోపాటు దాన్ని అంటుకొని వున్న సూక్ష్మజీవులు కూడా చాలావరకు దిగుతాయి. మన పెద్దలు చిల్లగింజను, కొందరు ఇందుపగింజ అంటారు, కుండ లోపలివైపు అరగదీసి నీరు పోసేవారు. అది కూడా ఇటువంటి పనే. సుశ్రుతంలోనే దాని ప్రస్తావన వున్నది. ఇప్పుడు మునగే మనకు సులువు.

చేసే పద్ధతి చెబుతాను. కాయ చెట్టుమీదనే పూర్తిగా ఎండి గోధుమరంగు తిరగాలి. పచ్చికాయ గింజ పనికిరాదు. గింజ రెక్కలూ పైపొట్టూ తీసి తెల్లని పప్పును మెత్తగా దంచాలి. 20 లీటర్ల నీటికి సుమారు 2 గ్రాముల పొడి, అనగా పదీ పన్నెండు పప్పులు, చాలును. మరీ బురదనీరయితే ఇంకొన్ని పడతాయి. ఒకటి రెండుసార్లు వేసి చూస్తే మీ చెరువుకు ఎన్ని కావాలో మీకే తెలుస్తుంది. పొడిని గ్లాసుడు మంచినీటిలో కలిపి అయిదు నిమిషాలు గిలకొట్టి, పలుచని గుడ్డలో వడగట్టి, ఆ పాలవంటి నీటిని బిందెలో పోయాలి. మొదట రెండు నిమిషాలు వడిగా, ఆ తరువాత పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి. ఈ నెమ్మదిగా తిప్పడమే ముఖ్యం. తొందరపడి బలంగా తిప్పితే కట్టిన ముద్దలు విరిగిపోతాయి. తరువాత మూతపెట్టి గంటసేపు కదపకుండా వుంచి పైనీరు వంపుకోవాలి. ఆ నీటిని కాచి గాని క్లోరిన్ బిళ్ల వేసి గాని తాగాలి. గింజ వేశాం గదా అని కాచకుండా తాగవద్దు, అన్ని క్రిములూ దిగిపోవు. ఒకరోజుకు మించి నిలవ వుంచవద్దు. గింజలోని పదార్థం కొంత నీటిలో మిగులుతుంది గనుక నీరు చెడుతుంది. నూనె తీసిన తరువాత మిగిలిన మునగపిండి కూడా ఇదే పని చేస్తుంది.

ఒక హెచ్చరిక. విత్తనానికని పొట్లాల్లో అమ్మే మునగగింజలకు తెగుళ్ల మందు పట్టించి వుంటారు. అవి నాటుకోవడానికేగాని నీటిలో వేయడానికి కావు. మీ పెరటి చెట్టు గింజలే వాడండి.

మరి ఈ గింజ ఫ్లోరైడును ఎందుకు దించదు? బురద నీటిలో తేలుతున్న వస్తువు, ఫ్లోరైడు కరిగిన వస్తువు. ఉప్పు కలిపిన నీటిని ఎంత తేర్చినా ఉప్పదనం పోదు గదా. ప్రయోగశాలల్లో మునగగింజతో ఫ్లోరైడు కొంత తగ్గినట్టు ఫలితాలు వచ్చినవి వున్నాయి. ఇంటి బిందెలో దాన్ని నమ్ముకొని పిల్లలకు తాగించదగినంత బలం ఆ పనికి లేదు. కాచడం వల్ల కూడా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదానిలో పాలు పెరుగుతాయి. కాచిన నీరు విరోచనాలకు రక్షణ గాని ఫ్లోరోసిస్‌కు కాదు.

బొగ్గు సంగతి ఏమిటని అడుగుతారు. వడ్ల ఊకను గాలి తగలకుండా కాల్చిన బొగ్గు రంగునూ వాసననూ బాగా పీలుస్తుంది. ఒట్టి బొగ్గుకు ఫ్లోరైడు పెద్దగా చిక్కదు. ఫ్లోరైడు కూడా ఋణావేశం కలదే, దాన్ని పట్టడానికి ఎదురు ఆవేశం కల లోహం కావాలి. అందుచేత 1950ల నాటికే మన శాస్త్రజ్ఞులు ఊకబొగ్గును క్షారంలో వుడికించి, పటిక నీటిలో నానబెట్టి వాడి చూశారు. పటికలోని అల్యూమినియం బొగ్గుమీద కూర్చొని ఫ్లోరైడును పట్టుకుంటుంది. రంపపుపొట్టు బొగ్గును పటికతో కలిపి ఇదే విధంగా చేశారు. మన గట్లమీద విరగబూసే తంగేడు చెట్టు చెక్కనుంచి తీసిన సరుకును కూడా పటికతో కలిపి పరీక్షించారు. పత్తి వ్యర్థాలనుంచి చేసిన బొగ్గును ప్రయత్నించినవారూ వున్నారు గాని అది ప్రయోగశాల గడప దాటలేదు.

ఈ సరుకులన్నిటికీ వున్న ఇబ్బంది ఏమిటంటే, కొన్నాళ్లకు బొగ్గు నిండిపోతుంది. నిండిన సంగతి కంటికి కనపడదు. నీరు మునుపటిలాగే తేటగా వస్తూ వుంటుంది, ఫ్లోరైడు మాత్రం తిరిగి వస్తూ వుంటుంది. మళ్లీ పటిక నీటిలో నానబెట్టి బలం తెప్పించాలి. ఎప్పుడు నానబెట్టాలో నీటి పరీక్ష చేసినవారికేగాని తెలియదు. ఊకబొగ్గు నీరు తటస్థంగా వున్నప్పుడు బాగా పనిచేస్తుంది, మన బోరు నీరేమో చవుడు గుణం కలది. అంచేత ఇంట్లో కుండలో ఊకబొగ్గు నింపి ఫ్లోరైడు పోయిందని ధైర్యంగా వుండవద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. ఎవరైనా వచ్చి అటువంటి కుండను మీకు అమ్మజూపితే, ముందు నీటి పరీక్ష కాగితం, మూడు నెలలు వాడిన తరువాత మరొక కాగితం చూపించమనండి.

పటికనూ సున్నాన్నీ నీటిలోనే కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే నల్లగొండ పద్ధతి నాగపూరులోని పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970లలో రూపొందించినది. అది నమ్మదగినదే. ఎంత పటిక వేయాలన్నది నీటిలోని ఫ్లోరైడుమీదా, చవుడు గుణంమీదా ఆధారపడి వుంటుంది గనుక పరీక్ష చేయించి, ఆ లెక్క ప్రకారమే వేయాలి. అడుగున దిగిన తెల్లని మడ్డిని కూరమళ్లలో పోయవద్దు, గొడ్లు నాకే చోట వేయవద్దు.

ఇప్పుడు చాలా వూళ్లలో ఆర్.ఓ. ప్లాంట్లు వచ్చాయి. డబ్బా నీరు కొనుక్కొని తాగుతున్నారు. తాగే నీటికి అది మేలే చేసింది. కాని ఆ ప్లాంటు వెనుక గొట్టంనుంచి పారే వృథానీటిని గురించి ఎవరూ అడగరు. ప్లాంటు ఫ్లోరైడును మాయం చేయదు, ఒక పక్కనుంచి తీసి రెండో పక్కకు నెడుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీరు సగం మంచినీరుగా, సగం వృథానీరుగా విడిపోయిందనుకోండి. ఆ వృథానీటిలో దాదాపు 6 మిల్లీగ్రాములు వుంటుంది. నేను చూసిన ఒక వూరిలో ఆ గొట్టం తిన్నగా గొడ్లతొట్టిలోకి పెట్టారు. “నీళ్లు పారబోయటం ఎందుకులే అయ్యా, గొడ్లన్నా తాగుతయ్యి” అన్నారు. మంచి మనసుతో పెట్టినదే. కాని ఆ తొట్టిలో తాగే గేదెకు ఏమవుతుంది? ఈ ప్రాంతంలో ఈ జబ్బు మొదట పశువులోనే కనపడిందని ఇందాక చెప్పాను. మనుషులకు డబ్బానీరు వచ్చిన తరువాత పశువుకు మునుపటికంటే చెడ్డనీరు రావడం న్యాయం కాదు. చూడి పశువులనూ, పెరిగే దూడలనూ మరీ దూరంగా వుంచాలి. ఆ వృథానీరు మరుగుదొడ్లకు, నేల కడగడానికి వాడుకోవచ్చు. చెరువులోకి, తాగునీటి బావి పక్కకు వదలరాదు. పటిక పట్టించిన ఊకబొగ్గు వంటి సరుకులకు అసలైన చోటు ఇదేనని నాకు అనిపిస్తుంది. ఇంటింటి కుండలో కాకుండా, పరీక్ష చేసే మనిషి వుండే ప్లాంటు దగ్గర, వృథానీటి దారిలో. విస్తరణ కార్యకర్తలు పంచాయతీలతో ఈ మాట ఎత్తి చూడవలసినది.

వంటింటి నీరు, స్నానాల నీరు సంగతి దీనికంటే సులువు. దాన్ని చిన్న గుంటలో నిలిపి చెత్త తేర్చి, కంకరా ఇసుకా నింపిన కాలవగుండా నెమ్మదిగా పారించి, ఆ కాలవలో జమ్ముగాని మెట్టతామరగాని నాటితే, వేళ్లూ వేళ్లను పట్టుకొని బతికే సూక్ష్మజీవులూ మురుగును చాలావరకు తింటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌వారు పల్లెల మురుగునీటిని ఈ విధంగా శుద్ధిచేసి పొలాలకు వాడించారు. పెరటి అరటికి, కొబ్బరికి ఆ నీరు పెట్టవచ్చు. పచ్చిగా తినే ఆకుకూరకు వద్దు. జమ్మును అప్పుడప్పుడు కోస్తూ వుండాలి, లేకపోతే కాలవను మూసేస్తుంది, దోమలు చేరతాయి.

పత్తీ మిరపా వేసేవారికి ఇంకొక్క మాట. స్ప్రేయర్లూ, మందు డబ్బాలూ చెరువులో గాని కాలవలో గాని కడగవద్దు. ఆ నీటిని మంచినీటిగా మార్చే గింజ గాని, బొగ్గు గాని, జమ్ము గాని ఇంట్లో లేదు. మూడుసార్లు కడిగిన నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, మందు కొట్టిన చేలోనే కొట్టేయండి.

ఇప్పుడు మళ్లీ ఆ పెద్దాయన ప్రశ్నకు వస్తాను. నాగార్జునసాగరు కాలవలకు 1967 ఆగస్టులో నీరు వదిలారు. కుడికాలవ నీరు దర్శి బ్రాంచి ద్వారా ఈ ప్రాంతానికి వస్తుంది. కృష్ణనీటిలో గాని చెరువులో పడిన వాననీటిలో గాని మన బోరు నీటిలో వున్నంత ఫ్లోరైడు వుండదు. ఇంటికప్పుమీద పడిన వాననీటిలో దాదాపు వుండనే వుండదు. ఆ నీళ్లకున్న దోషం బురద, క్రిములు. ఆ దోషాలకు మందు మన చేతిలో వున్నది: మునగగింజ, ఆపైన కాగబెట్టడం. తేటగా వుండే బోరు నీటికి ఇంట్లో మందు లేదు. కనుక తాగడానికీ వంటకీ మట్టుకు, బురదగా వున్నా సరే, పైనీటినే తెచ్చుకొని శుద్ధి చేసుకొనండి. బోరు నీరు స్నానానికీ బట్టలకూ వాడుకొనండి. వంటకు అని నొక్కి చెబుతున్నాను. డబ్బానీరు తాగుతూ అన్నమూ పప్పూ బోరు నీటితో వండే ఇళ్లు చాలా వున్నవి. ఎసరులోని ఫ్లోరైడు అన్నంలోకే పోతుంది.

తిండి సంగతి కొద్దిగా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంతో రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోయినట్టు తేలింది. ఆ ఫలితాలు 2002లో ప్రకటించారు. మన పులుసులో చింతపండుకు కొదవలేదు గదా. పాలు, మజ్జిగ, మునగాకు వంటివి సున్నపు ధాతువు ఇస్తాయి, కడుపులోనే ఫ్లోరైడును కొంత అడ్డుకుంటాయి. చింతపండు తింటున్నాం గనుక చెడ్డనీరు తాగవచ్చునని మాత్రం అనుకోకండి.

పరీక్షకు నీరు పట్టే విధానం చెప్పి ముగిస్తాను. గాజుసీసా కాకుండా శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకొనండి. బోరును అయిదు నిమిషాలు నడిపించి, సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టి మూత బిగించండి. వూరు పేరు, బోరు ఎవరిది, ఎంత లోతు, ఏ తేదీన పట్టినది చీటీమీద రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో ఫ్లోరైడు పరీక్ష చేస్తారు. ఒక్కసారి చేయిస్తే చాలదు. నడివేసవిలో ఒకసారి, వానలు పడిన తరువాత ఒకసారి చేయించండి. వూళ్లో వున్న ప్రతి బోరుకూ, వాడుక మానేసిన పాత దిగుడుబావులకు కూడా చేయించండి. రెండు బోర్ల మధ్య వంద గజాలే వున్నా లెక్క వేరుగా రావచ్చును. ఆ పెద్దాయన వూరిలో అట్లాగే చేయించాము. ఆయన ఇంటిముందు బోరు పరిమితికి చాలా మించి వచ్చింది. ఊరి చివర పూడిపోయి, తుమ్మచెట్టు మొలిచిన పాత బావి నీరు పరిమితిలోపలే తేలింది. ఆ యేడు వేసవిలో వూరివాళ్లు దాని పూడిక తీశారు. మొదటి వానలకు నీరు ఎర్రగా వచ్చింది. ఈసారి మునగగింజలు పెద్దాయన కోడలే దంచింది.